చెయ్యి తీస్తే ఆగే సంగీతం

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల ముందు ఎండాకాలంలో భారతం జరుగుతుంది. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక భారతంలో హరికథకు కీబోర్డు వాయించడానికి తిరుపతి నుంచి వెళ్లాను. ఆ రోజు మృదంగం ఆయన రావడం ఆలస్యమైంది. సరే, కీబోర్డులో ఒక స్టైల్ (అందులో ముందే నింపిపెట్టిన డ్రమ్స్, వాద్యాల వరస) వేసి తాళం నడిపిద్దామనుకున్నాను.

ద్రౌపది కృష్ణుడికి మొర పెట్టుకునే ఘట్టం వచ్చింది. హరికథ చెప్పే భాగవతార్ గారు పల్లవి ఎత్తుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి ఆయన ఆ మాట దగ్గరే ఉండిపోయారు. మళ్లీ పాడారు, ఇంకొంచెం నిదానంగా. మూడోసారి తాళం వదిలేసి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడారు. నా మిషన్ మాత్రం మొదటి వేగంతోనే కొట్టుకుంటూ పోతోంది. కంగారులో ఎండింగ్ బటన్ నొక్కాను. ఆ బటన్ నొక్కగానే పాట ఆగదు. ఇంకో రెండు చుట్లు డ్రమ్స్ మోగించి, సింబల్ కొట్టి అప్పుడు ముగిస్తుంది. ముసలమ్మ ఉలిక్కిపడి తలెత్తి చూసింది.

సాయంత్రం భోజనాల దగ్గర భాగవతార్ గారు కోప్పడలేదు. "నేను నిలబడితే నువ్వూ నిలబడాల నాయనా. అది నిలబడదే" అన్నారు, అంతే.

సంగీతంలో వాడే కరెంటు పెట్టెలు, అంటే ఎఫెక్టులు, మంచివా చెడ్డవా అని మా తిరుపతి కళాకారుల మధ్య ఎప్పుడు మాట వచ్చినా నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది. ఈ వాదన సాధారణంగా తెగదు. సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లు "కరెంటు పెట్టెలతో సంగీతం పాడైంది" అంటారు. పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు వాయించే కుర్రాళ్లు "కాలంతో పాటు మారకపోతే ఎట్లా అన్నా" అంటారు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కానీ నాలుగు వేరు వేరు పనులను ఇద్దరూ 'ఎఫెక్టులు' అని ఒకే మూటలో కట్టేస్తున్నారు. మైకు, యాంప్లిఫయర్ ఉన్న శబ్దాన్ని దూరానికి చేరుస్తాయి. ఎకో (మాటను మళ్లీ వినిపించేది), రివర్బ్ (పెద్ద గదిలో గింగురుమన్నట్టు చేసేది) దానికి రంగు వేస్తాయి. ఆటోట్యూన్ లాంటివి శ్రుతిని దిద్దుతాయి. స్టైల్స్, ముందే రికార్డు చేసిపెట్టిన ట్రాకులు మన బదులు వాయిస్తాయి. చేర్చడం, రంగు వేయడం, దిద్దడం, బదులు వాయించడం ఒక్కటి కావు. దేని లాభం దానిది, దేని నష్టం దానిది.

పాత గొడవే

యంత్రం వచ్చి సంగీతాన్ని చెడగొట్టిందన్న మాట ఇవాళ్టిది కాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ పెట్టె గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకదు, మీటకూ మీటకూ మధ్య ఉండే స్వరాలు దానికి అందవు అన్నది వాదన. 1971లో ఆ నిషేధాన్ని సడలించారు. రేడియోలో చోటు లేని ఆ ముప్పై ఏళ్లూ మన పద్య నాటకాలు, సురభి నాటకాలు, ఊరూరా రామ భజన మందిరాలు హార్మోనియం మీదే నడిచాయి. నేను స్వరాలు నేర్చుకున్నదీ భజన మందిరంలోని హార్మోనియం మీదే. గమకం పలకదన్న మాట నిజమే. దాంతో పని లేదన్న మాట మాత్రం నిజం కాదు.

వయొలిన్ సంగతి చూడండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. అంతకుముందు అది తెల్లవాళ్ల బ్యాండులో ఉండే వాయిద్యం. మనవాళ్లు దాని శ్రుతి మార్చారు, నేల మీద కూర్చుని తలభాగాన్ని పాదం మీద ఆనించి పట్టుకున్నారు. మెట్లు లేవు కాబట్టి వేలు ఎక్కడికంటే అక్కడికి జారింది. ఇప్పుడు అది లేని గాత్ర కచేరీ అరుదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన శబ్దం వెంటనే చచ్చిపోతుంది. శబ్దమే నిలవనప్పుడు గమకం దేని మీద లాగుతాం? ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, ఐదు ఒంటి తీగలతో వాయించారు. కరెంటు వల్ల నాదం నిలిచింది, ఒంటి తీగ వల్ల వేలు స్వేచ్ఛగా లాగింది. 2014లో ఆయన పోయేనాటికి ఆ వాయిద్యానికి కర్ణాటక సంగీతంలో సొంత పీట ఉంది. అక్కడ యంత్రం ఆయన బదులు ఏమీ వాయించలేదు. చేతికి అందనిదాన్ని చేతికి అందించింది.

మైకునైతే ఎవరూ ఎఫెక్టుగా లెక్కపెట్టరు. కానీ మైకు లేని రోజుల్లో వెనక వరస దాకా వినిపించాలంటే గొంతెత్తి, పై శ్రుతిలో పాడాల్సిందే. మైకు వచ్చాక మెల్లగా, కింది స్థాయిలో పాడటం కుదిరింది. అంతకన్నా పెద్ద మార్పు తెచ్చిన పెట్టె ఇంకేదీ లేదని నా అభిప్రాయం.

రీసౌండ్ ఎక్కడి నుంచి వస్తోంది

మా దగ్గర మైకుసెట్ అతన్ని పిలిచి అందరూ అడిగే మొదటి మాట "అన్నా, కొంచెం ఎకో పెట్టు". ఎకో పెడితే గొంతు పెద్దగా, నిండుగా, గుళ్లో పాడినట్టు ఉంటుంది. అందుకే అడుగుతాం. అయితే ఎకో అవసరమా లేదా అన్నది గొంతును బట్టి కాకుండా ఆ చోటును బట్టి తేలాల్సిన విషయం.

గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం సెకనులో ఇరవయ్యో వంతు లోపల వస్తే చెవి దాన్ని అసలు శబ్దంతో కలిపేసుకుంటుంది. అప్పుడు గొంతు నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. అంతకన్నా బాగా ఆలస్యమైతే రెండో మాటలాగా విడిగా వినిపిస్తుంది. మనం రీసౌండ్ అనేది దాన్నే. మన ఎండల్లో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే 35 మీటర్లకు సెకనులో పదో వంతు.

ఇప్పుడు భారతం జరిగే మైదానానికి రండి. స్టేజీ దగ్గర రెండు బాక్సులు. వీధి వెంబడి స్తంభాలకు గొట్టం మైకులు. చివరి స్తంభం 70 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దాని కింద కూర్చున్న మనిషికి ముందు నెత్తి మీది గొట్టంలోంచి మాట వినిపిస్తుంది. సెకనులో ఐదో వంతు తర్వాత అదే మాట స్టేజీ వైపు నుంచి వస్తుంది. అతనికి ఉచితంగా ఒక ఎకో ఉంది. మనం మిక్సర్‌లో ఇంకో ఎకో కలిపితే ఒక మాట నాలుగుసార్లు వినిపించి, పద్యం ముద్దైపోతుంది. అక్కడ కావలసింది దూరపు గొట్టాలకు వెళ్లే శబ్దాన్ని ఆ ఐదో వంతు సెకను ఆపి పంపడం. ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో ఆ సదుపాయం ఉంటుంది. ఎకోకు వాడే డిలే, దీనికి వాడే డిలే ఒకటే. మొదటిది మాటను చెదరగొడితే రెండోది కుదుర్చుతుంది.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. ఎకో ఎక్కువైతే దీర్ఘాలు తేలతాయి, ఒత్తులు మునిగిపోతాయి. 'కొప్పు', 'అట్టు', 'పక్క' లాంటి మాటల్లో ఒత్తుకు ముందు ఒక చిన్న ఆగుడు ఉంటుంది. ఆ నిశ్శబ్దమే ఒత్తును చెబుతుంది. వెనకటి అచ్చు తాలూకు ఎకో వచ్చి ఆ ఖాళీని నింపేస్తే ఒత్తు వినపడదు. అన్నమయ్య కీర్తనలు పాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఆ పదాల్లో సగం అందం ఒత్తుల్లోనే ఉంది.

హాలు సంగతి వేరు. టైల్స్ నేల, నున్నటి గోడలు ఉన్న కల్యాణ మండపంలో సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ చేస్తే అంతా గింగురుమంటుంది. ఆరింటికి ఐదొందల మంది వచ్చి కూర్చుంటే వాళ్ల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చేస్తాయి. ఖాళీ హాల్లో విని పెట్టిన లెక్క జనంతో నిండిన హాల్లో పనికిరాదు. రాతి మండపాల్లోనైతే నేను రివర్బ్ ముట్టుకోను, ఆ రాయే చూసుకుంటుంది. దూరపు గొట్టాలు లేని బయలు ప్రదేశంలో తిరిగొచ్చే శబ్దం ఉండదు కాబట్టి గొంతు పొడిగా ఉంటుంది, అక్కడ కొంచెం రివర్బ్ నిజంగా మేలు చేస్తుంది. నా పద్ధతి ఒకటే. వినపడే దాకా పెంచి, వినపడీ వినపడనంత దాకా తగ్గిస్తాను. తీసేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు.

హరికథలో పాట, మాట ఒకే మైకులో వస్తాయి. పాటకు పెట్టిన రివర్బ్ మాటకు ఉంటే పిట్టకథలోని చమత్కారం పోతుంది. అందుకని ఇప్పుడు రివర్బ్ ఆపే స్విచ్చి ఒకటి నా కాలి దగ్గరే పెట్టుకుంటున్నాను. భాగవతార్ గారు చిడతలు దించి మాట్లాడటం మొదలుపెట్టగానే నొక్కేస్తాను.

గాంధారం ఎక్కడుంది

దిద్దే యంత్రాల దగ్గరే అసలు చిక్కు ఉంది.

కీబోర్డులో స్థాయికి (స నుంచి పై స దాకా) 12 మీటలు, అన్నీ సమాన దూరంలో. తంబూరా మీటి శ్రద్ధగా వింటే షడ్జమం (స) లోపలి నుంచి అంతర గాంధారం (రెండు గ స్వరాల్లో పైది) దానంతట అదే పలుకుతుంది. ఆ గాంధారం కీబోర్డు గాంధారం కన్నా కొంచెం కింద ఉంటుంది. రెండు మీటల మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే, తేడా దాదాపు 14 భాగాలు. శ్రుతి పెట్టె పక్కన కీబోర్డు గాంధారాన్ని నిలబెట్టి వాయించినప్పుడు ఏదో గుచ్చుకున్నట్టు ఉండటానికి కారణం ఇదే.

దాన్నైనా చెవి సర్దుకుంటుంది. గమకంతో సర్దుబాటు కుదరదు. మోహన, హంసధ్వని లాంటి రాగాలు కీబోర్డు మీద ఎంతో కొంత నిలబడతాయి. తోడి నిలబడదు. తోడిలో సాధారణ గాంధారం (రెండు గ స్వరాల్లో కిందిది) ఒక చోట కూర్చునే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగే దారి. ఆ మీటను ఊరికే నొక్కి పట్టుకుంటే గాంధారం వస్తుంది కానీ తోడి రాదు.

ఇందుకు కీబోర్డులోనే ఒక ఉపాయం ఉంది. ఎడమ పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు మామూలుగా అది స్వరాన్ని రెండు మీటలు పైకి, రెండు మీటలు కిందికి జరుపుతుంది. నల్ల మీటలు కూడా లెక్కపెట్టి చూడండి. సాధారణ గాంధారానికి సరిగ్గా రెండు మీటల కింద శుద్ధ రిషభం, రెండు మీటల పైన శుద్ధ మధ్యమం ఉన్నాయి. తోడి గాంధారం ఊగే మేర అంతా ఆ చక్రంలో ఇమిడి ఉంది! ఇది తెలిసిన రోజు నేను ఇంట్లో రాత్రంతా ఆ ఒక్క స్వరమే వాయించుకున్నాను. అయితే కుడి చేయి మీట మీద, ఎడమ చేయి చక్రం మీద ఉండాలి. కార్డ్స్ ఉండవు, బేస్ ఉండదు. రెండు చేతులూ కలిసి ఒక్క స్వరాన్ని పలికించాలి. వేల రూపాయల సౌండ్లు ఉన్న పెట్టె మీద నేను వాయించిన వాటిలో నాకు బాగా నచ్చినవి అన్నీ ఈ ఒంటి స్వరాలే.

ఆటోట్యూన్ దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది. 1997లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూకంప తరంగాల్లాంటి సంకేతాలను విశ్లేషించే పని చేసేవారు. గొంతు ఏ స్వరంలో ఉందో కనిపెట్టి, దగ్గరలోని స్వరానికి నెట్టడం దాని పని. రెండు స్వరాల మధ్య ఉండటాన్ని అది తప్పుగా లెక్కిస్తుంది. మన సంగీతంలో జీవం ఉన్నదే ఆ మధ్యలో. తోడి గాంధారాన్ని దానిలోంచి పంపితే ఊయల కాస్తా మెట్లైపోతుంది. దిద్దే వేగాన్ని తగ్గించవచ్చు. అప్పుడు గమకానికి నష్టం తగ్గుతుంది, దిద్దుబాటూ తగ్గుతుంది. సినిమా పాటల్లో కావాలని వాడుకునే ఆ మెట్ల శబ్దంతో నాకు పేచీ లేదు, అదొక రంగు. కీర్తన నేర్చుకుంటున్న పిల్లల చేతికి మాత్రం స్టేజీ మీద ఆ పెట్టె ఇవ్వకండి. తప్పిన శ్రుతిని పిల్లలు తమ చెవితో పట్టుకోవాలి, అది వాళ్ల కన్నా ముందే దిద్దేస్తే చెవికి పని ఉండదు.

వేగం ఉన్నవి, లేనివి

భాగవతార్ గారి మాటను నేను మొదట్లో మొరటుగా అర్థం చేసుకున్నాను. నేను చెయ్యి తీసినా మోగేది ఏదీ స్టేజీ మీద ఉండకూడదని పట్టుబట్టాను. తర్వాత తంబూరా గుర్తొచ్చింది. ఎలక్ట్రానిక్ తంబూరా 1970ల చివర్లో బెంగళూరులో తయారైంది. ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది. గాయకుడు ఆగినా అది మోగుతూనే ఉంటుంది, ఎవరికీ అడ్డం రాదు. ఎందుకని? తంబూరా ధ్వని ఎవరినీ తాళానికి కట్టెయ్యదు. పాటగాడు నిదానించినా, పరుగెత్తినా, మౌనంగా ఉన్నా అది కిందనే పరుచుకుని ఉంటుంది. స్టైల్, ట్రాకు అలా కాదు. వాటికి సొంత వేగం ఉంది, అవి మనిషిని తమ వెంట ఈడ్చుకుపోతాయి. కాబట్టి నా హద్దు ఇప్పుడు ఇక్కడ ఉంది: వేగం లేనిది ఎంతసేపైనా మోగవచ్చు, వేగం ఉన్నది మాత్రం మనిషి చేతిలో ఉండాలి, చెయ్యి తీస్తే ఆ క్షణమే ఆగాలి.

ఈ తేడా చిన్న చిన్న విషయాల్లో కూడా పనికొస్తుంది. ఫోన్ తంబూరాను బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టుకోవచ్చు. కీబోర్డు యాప్‌ను పెట్టుకోకూడదు, ఎందుకంటే బ్లూటూత్‌లో మీట నొక్కిన తర్వాత శబ్దం రావడానికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వందో వంతు ఆలస్యమైతే ఇబ్బంది లేదు. మూడున్నర మీటర్ల అవతల కూర్చున్న మృదంగం మనకు ఎప్పుడూ అంత ఆలస్యంగానే వినిపిస్తోంది.

భజనలో డిలే సంగతీ ఇంతే. భజన నిమిషానికి 100 దెబ్బల వేగంలో మొదలైందనుకోండి. ఒక్కో దెబ్బకు 600 మిల్లీసెకన్లు. అందులో సగం, 300 దగ్గర డిలే పెడితే ప్రతిధ్వని తాళంలో చక్కగా పడుతుంది. మన భజన అక్కడే ఉండదు కదా, గోవింద నామం అందుకోగానే 120కి పోతుంది. అప్పుడు డిలే 250 ఉండాలి. 300లోనే ఉండిపోతే ప్రతిధ్వని తాళాలకు అడ్డం పడుతుంది. కాలితో తట్టి వేగం చెప్పే స్విచ్చి ఉంటే వాడండి, లేకపోతే వేగం పెరిగే ముందే డిలే తీసేయండి.

ట్రాకుల గురించి మాట్లాడేటప్పుడు డబ్బు సంగతి దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పెళ్లివాళ్ల దగ్గర ఐదుగురికి ఇచ్చే స్తోమత ఉండదు. ఒక పెన్‌డ్రైవ్, ఒక గాయని, ఒక కీబోర్డుతో ప్రోగ్రాం అయిపోతుంది. అలాంటి ప్రోగ్రాములు నేనూ చేశాను. ఆ రోజు డోలు, మృదంగం వాయించే నా స్నేహితులు ఇంట్లో ఉన్నారు. అది నన్ను బాధపెడుతుంది. ఇద్దరికే డబ్బు ఉంటే నేను ఇప్పుడు ట్రాకును వదిలి, హార్మోనియం సౌండ్ ఒకటి, తబలా మనిషి ఒకరు చాలంటున్నాను. పాట సన్నగా ఉంటుంది. కానీ పెళ్లికూతురు పీటల మీదికి రావడం ఆలస్యమైతే పల్లవి ఇంకో నాలుగుసార్లు తిప్పగలం. ట్రాకులో అది కుదరదు.

అన్నమయ్య విషయంలో ఈ బాధ ఇంకా ఎక్కువ. తిరుమల గుడిలో దొరికిన రాగి రేకుల మీద కీర్తనల పాఠం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు, ఆ తర్వాత 1978లో మొదలైన టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు కళాకారులు కట్టినవి. అంటే ఖాళీని చూసి, ఆలోచించి, పాడి పాడి నింపినవి. వాటిని ఇప్పుడు పిల్లలు నెట్‌లో దొరికిన ట్రాకు మీద నేర్చుకుంటున్నారు. చరణానికి ముందు ఎన్ని సెకన్లు ఆగాలో కూడా ట్రాకే చెబుతుంది. బాగానే పాడుతున్నారు. కానీ "ఆ లైను ఇంకోసారి, వేరేగా పాడమ్మా" అంటే నిలబడిపోతున్నారు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వస్తే ఈ విషయం కళ్లారా చూడవచ్చు. పలక డప్పులు మంట దగ్గర కాచి శ్రుతి చేసుకుని వాయించేవాళ్లు వేషం కట్టినవాళ్ల పాదాలనే చూస్తుంటారు. అడుగు తడబడితే దెబ్బ ఆగుతుంది, ఊపు అందుకుంటే దెబ్బ ముందుకు ఉరుకుతుంది. పక్క వీధిలో డీజే బాక్సులు గుండెలు అదిరేలా మోగుతుంటాయి. వాటి ముందు కుర్రాళ్లు బాక్సుల వేగానికి తగ్గట్టు ఎగురుతారు. పలకల దగ్గర మాత్రం వాద్యమే మనిషికి తగ్గట్టు మారుతుంది.

లూపర్ పెడల్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. అక్కడికక్కడ నేను వాయించిన నాలుగు ఆవర్తాలనే (తాళం చుట్లనే) అది తిప్పి తిప్పి వినిపిస్తుంది కాబట్టి నాదే అనిపిస్తుంది. అయినా దానికి చెవులు లేవు. ఒంటరిగా వాయించేటప్పుడు, కాలు స్విచ్చి మీద పెట్టుకుని వాడతాను. ఇంకో మనిషి నాతో వాయిస్తుంటే ఆపేస్తాను.

"ఏ పెడల్ కొనమంటారు సార్" అని కుర్రాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ముందు మంచి మైకు, కదలని స్టాండు, తెగని కేబుళ్లు కొనమంటాను. కీబోర్డును మిక్సర్‌కు కలిపేటప్పుడు గుర్రుమనే శబ్దం రాకుండా ఒక డీఐ బాక్సు. తర్వాత నీ శబ్దం నీకు వినపడటానికి ఒక చిన్న మానిటర్ స్పీకర్. స్టేజీ మీద ఎవరి మాట వాళ్లకు వినపడకే సగం మంది ఎకో అడుగుతారు, ఎదురుగా మానిటర్ పెట్టి చూడండి, ఆ అడగడం తగ్గిపోతుంది. ఇవన్నీ అయ్యాక ఆర్నెల్లు వాయించి, అప్పటికీ ఏదైనా చాలడం లేదనిపిస్తే రివర్బ్ కొనుక్కోమంటాను. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేసినవాళ్లలో కొందరు రివర్బ్ మాట ఎత్తలేదు, పిచ్ బెండ్ చక్రం గట్టిగా తిరుగుతోంది, ఎక్కడ రిపేరు చేస్తారు సార్ అని అడిగారు.